అర్థమయ్యాకే ముందుకి

రొట్టెలాయనకు పగలే రాత్రి. వీధి వీధంతా తలుపులు బిగించుకుని దుప్పట్లు సర్దుకునే వేళకు ఆయన మఫ్లర్ చుట్టుకుని బేకరీకి బయల్దేరతాడు. పిండి కలపడం, అది పొంగేదాకా కాపలా కాయడం, ట్రేలు పొయ్యిలోకి తోయడం, తీయడం. పొయ్యి వెలిగించేముందు ఒకసారి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. తిరిగొచ్చేసరికి పాలవాళ్ళు తిరుగుతుంటారు. యజమాని రోజూ ఇచ్చే రొట్టెను స్వెట్టర్ లోపల, పొట్టకు ఆనించుకుని తెస్తాడు. చలికాలంలో అది దారంతా ఆయనకు కుంపటి, ఇంటికొచ్చాక అందరికీ ఫలహారం.

ఆ ఇల్లు రెండు గదులు, ఒక వంటగది. ముందుగదిలో సోఫా, టీవీ, ఒక చిన్న హీటరు. వెనకగదిలో ఆయన మంచం. మధ్యలో ఉన్న గోడ పేరుకే గోడ, ఇవతల తుమ్మితే అవతల చిరంజీవ అనాల్సిందే. భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపుకి పొద్దున్నే వెళ్ళిపోతుంది. ఇక పగలంతా ముందుగదిలో ఆయన తల్లి, సెలవులకి వచ్చిన కూతురు.

కూతుర్ని ఇంట్లో అందరూ పిచ్చుక అనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది నాయనమ్మే. చిన్నప్పుడు ఆ పిల్ల నోటికి విశ్రాంతి ఉండేది కాదు. నిద్రలో కూడా ఎవరితోనో తగవులాడేది. పెద్దవుతున్నకొద్దీ ఆ కిచకిచలన్నీ ఇంటి గడప లోపలే ఉండిపోయాయి. గడప దాటిందంటే తల వంచుకోవడమే. ఎవరైనా కొత్తవాళ్ళు పేరడిగితే పక్కనున్నవాళ్ళు చెప్పాలి.

ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. రాతపరీక్షల్లో మంచి మార్కులే వచ్చాయి. చిక్కంతా నోటిపరీక్ష దగ్గర. బల్ల వెనక పెద్ద డాక్టరమ్మ కూర్చుని ప్రశ్న వేస్తే, తెలిసిన జవాబు లోపల తెలిసినట్టే ఉండిపోయింది, పెదవి దాటలేదు. సెలవులు అయిపోగానే ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదీ పోతే ఏడాది పోయినట్టే. తోటిపిల్లలు తెల్లకోట్లు తొడుక్కుని వార్డుల్లోకి నడుస్తుంటే ఈ పిల్ల మళ్ళీ పాత బెంచీలో, కొత్తగా చేరినవాళ్ళ మధ్య కూర్చోవాలి.

"అలా అయితే నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళను నాన్నా," అని వచ్చినరోజే చెప్పేసింది. ఏడవలేదు. ఏడవకుండా చెప్పినందుకే ఆయనకి ఎక్కువ భయం వేసింది.

అందుకే ఆ చలికాలం పొయ్యి ముందు ఆయన కోరేది ఒక్కటే. 'స్వామీ, ఈ పిల్లని గట్టెక్కించు.'

దేవుడు విన్నాడో లేదో గానీ, గోడ అవతల నుంచి మాత్రం బాజాలు వినబడేవి.

పొద్దున కళ్ళు మూతపడతాయో లేదో, ముందుగదిలో గుర్రాలు పరిగెత్తేవి. లేదా తుపాకులు పేలేవి. లేదా ఎవరో ఒకావిడ గుండెలు బాదుకుని ఏడ్చేది. ఆయన ఉలిక్కిపడి లేచేవాడు. గుర్రాలు ఉన్నట్టుండి ఆగిపోయేవి.

"ఆపు, ఆపు! ఆ టోపీవాడెవడే?"

"వాడే నాయనమ్మా, ఇందాక రైలెక్కాడు చూడు."

"రైలెక్కినవాడికి మీసం ఉంది."

"గీసేశాడు."

"ఎందుకు గీసుకున్నాడు? చెప్పు. అర్థమయ్యాకే ముందుకి."

అంతా అయ్యాక మళ్ళీ గుర్రాలు. ఆయన దిండుని చెవికి అడ్డంపెట్టుకునేవాడు. ఏదో ఒక వేళకి నిద్ర పట్టేది. కాస్త పట్టిందో లేదో అనిపించేసరికి మళ్ళీ బాజాలు, మళ్ళీ తుపాకులు. లేచి చూస్తే ఎండ గోడ మీంచి దిగిపోయి సాయంత్రమై ఉండేది. పొద్దున సినిమా, సాయంత్రం సినిమా. మధ్యలో ఎప్పుడు చదువుతోందీ పిల్ల?

ఒకరోజు ఓపిక పట్టలేక లేచి వచ్చాడు. ఇద్దరూ ఒకే దుప్పట్లో ఒదిగి ఉన్నారు. నాలుగు పాదాలూ హీటరు వైపు చాపి ఉన్నాయి. నాయనమ్మ కాళ్ళకి మనవరాలి మేజోళ్ళు. దుప్పటి మీద రొట్టె పొడి.

"ఏంటమ్మా ఇది? పిల్ల చదువుకోవాలి కదా?"

"చదువుతోందిరా," అంది తల్లి టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"ఏం చదువుతోంది? గుర్రపుస్వారీయా?"

పిచ్చుక నవ్వు ఆపుకుని దుప్పట్లోకి దూరింది. ఆ నవ్వు చూసి ఆయనకి ఒళ్ళు మండింది. తను రాత్రంతా పొయ్యి ముందు నిలబడి దేవుణ్ణి బతిమాలుతుంటే, ఇక్కడ ఈ పిల్ల కాళ్ళు చాపుకుని నవ్వుతోంది. ఆ రాత్రి పనికి వెళ్తూ, ఎవరికీ చెప్పకుండా, రిమోట్ కోటు జేబులో వేసుకుపోయాడు.

టీవీకున్న మీటలు ఎప్పుడో లోపలికి పడిపోయాయి. రిమోట్ లేకపోతే అది గోడకి తగిలించిన నల్లపలకే.

మర్నాడు ఇల్లు గుడిలా ప్రశాంతంగా ఉంది. రొట్టెలాయన తృప్తిగా ముసుగు తన్నాడు. నిద్ర పట్టలేదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. కుళాయి చుక్క పడే చప్పుడు వినిపిస్తోంది, గోడగడియారం వినిపిస్తోంది. బాజాలు లేవు, తుపాకులు లేవు. అయినా కంటి మీద కునుకు లేదు. ఆ మర్నాడూ అంతే. పిండి కలుపుతూ నిలబడే కునికితే పక్కన పనిచేసేవాడు "అన్నా, తొట్టిలో పడితే నిన్ను కూడా బన్ను చేసేస్తారు," అని నవ్వాడు.

అలా రెండు మూడు రోజులు చూసి, ఒక మధ్యాహ్నం లేచి ముందుగదిలోకి వచ్చాడు. పిచ్చుక బల్ల దగ్గర పుస్తకం ముందు కూర్చుని ఉంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్ళో. పొద్దున రొట్టె ఇస్తూ చూసినప్పుడు ఏ బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఉందో ఇప్పుడూ అదే పేజీ. తల్లి సోఫాలో కూర్చుని నల్లపలకనే చూస్తోంది, అందులో ఏదో ఆడుతున్నట్టు.

"ఇలా తే," అని పుస్తకం తీసుకున్నాడు. ఆయన చదివింది కొద్దిగానే. అయినా బొమ్మ గుండెదని తెలుస్తోంది. పేజీ అడుగున ప్రశ్నలున్నాయి. కూడబలుక్కుని మొదటిది చదివాడు. "గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఏది ఆపుతుంది?"

పిచ్చుక లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో దానికే తెలీదు. పెదాలు కదిలాయి. మాట రాలేదు. చూపు మెల్లగా నేల మీదకి జారింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చేతిలో పుస్తకం బరువెక్కింది. ఆ పరీక్షగదిలో ఏం జరిగిందో ఆయన అప్పుడు చూశాడు, తన ఇంట్లోనే, తన ఎదురుగానే.

"సరేలే తల్లీ, కూర్చో," అన్నాడు గొంతు తగ్గించి.

"నువ్వు పట్టుకెళ్ళింది రిమోట్ ఒక్కటే అనుకున్నావా?" అంది తల్లి సోఫాలోంచి. "దాని నోరు కూడా పట్టుకుపోయావురా నాయనా."

"అదేంటమ్మా?"

"పొద్దున సగం సినిమా చూస్తాం. విశ్రాంతి వస్తుంది చూడు, అక్కడ ఆపేస్తాం. ఆపి ఇది చదువుకుంటుంది. చదివింది నాకు చెబుతుంది. నాకు తెలియాలిగా మరి, తెలిసేదాకా వదలను. చెప్పడం అయ్యాక మిగతా సగం సినిమా. అదీ మా ఒప్పందం."

"నేనెప్పుడూ వినలేదే!"

"ఎలా వింటావు? సినిమా మోగినప్పుడు లేచి కూర్చుంటావు, పాఠం చెప్పేటప్పుడు గురకపెడతావు. నీ గురక మీదుగా నాకు వినపడక ఇది ఒక్కోమాట రెండుసార్లు చెప్పేది."

ఇన్నాళ్ళూ తనకి నిద్ర ఎలా పట్టేదో రొట్టెలాయనకి ఇప్పుడు తెలిసింది. చిన్నప్పుడు అమ్మ పక్కింటావిడతో అరుగు మీద కూర్చుని సన్నగా మాట్లాడుతుంటే ఆ గొంతు వింటూనే నిద్రపోయేవాడు. ఇప్పుడు గోడ అవతల కూతురి గొంతు, అమ్మ గొంతు కలిసి అదే పని చేశాయి. పాఠాన్ని జోలపాట చేసుకుని నిద్రపోయి, లేచాక చదువు లేదని కోప్పడ్డాడు. మంచివాడికి కూడా ఇంత తెలివితక్కువతనం ఎలా వస్తుందో! తనకి కనబడిన ముక్కనే మొత్తం అనుకోవడం మనిషికి ఎంత తేలికో!

కోటు జేబులోంచి రిమోట్ తీసి తల్లి ఒళ్ళో పెట్టాడు. దానికి అంటిన పిండిని ఆవిడ చీరచెంగుతో తుడిచింది.

"రేపు నేనూ చూస్తాను," అన్నాడు.

"నువ్వుంటే దానికి నోరు రాదు. నిద్రపో."

మర్నాడు ఆయన నిద్రపోలేదు. ముందుగదిలో కుర్చీ హీటరుకి దగ్గరగా లాక్కుని, వెనకగదిలో చలెక్కువగా ఉందని వంకపెట్టి, మంకీక్యాపు కళ్ళదాకా దించి, దుప్పటి కప్పుకుని వెనక్కి వాలాడు. కావాలని కాసేపు గురక కూడా పెట్టాడు.

"నాన్న పొద్దున్నే మొదలెట్టాడు," అని నవ్వి పిచ్చుక సినిమా పెట్టింది.

పాత నలుపుతెలుపు సినిమా. ఓడరేవులో గుమాస్తా ఒకడు, హారం దొంగిలించాడని అతని మీద నింద. ఓడలో వచ్చిన కోటువాడు ఇంకొకడు. ముసుగులోంచి ఒక కన్ను తెరిచి రొట్టెలాయన చూస్తున్నాడు.

"ఆపు. ఈ కోటువాడు ఇందాక నీళ్ళల్లో పడి చచ్చాడుగా?"

"చచ్చింది వీడి తమ్ముడు నాయనమ్మా. కవలలు."

"కవలలని నీకెవరు చెప్పారు?"

"వాళ్ళమ్మ ఫొటో చూపించింది కదా, ఇద్దరు పిల్లలున్నారు."

"ఉంటే? వీడు అన్నో తమ్ముడో నాకెలా తెలియాలి? సరిగ్గా చెప్పు."

పిచ్చుక దుప్పటి తోసేసి లేచింది. ఒకసారి గుమాస్తా అయింది, ఒకసారి కోటువాడయింది, ఒకసారి వాళ్ళమ్మయింది. చేతులు ఊపుతూ, గొంతు మారుస్తూ, సోఫా ఈ చివర్నుంచి ఆ చివరికి ఓడలా నడిచింది. ఈ పిల్లేనా నిన్న పుస్తకం ముందు కట్టెలా నిలబడింది?

విశ్రాంతి అని తెర మీద పడగానే టీవీ ఆపేశారు. పిచ్చుక కిటికీ పక్కన ఎండపొడలో కూర్చుని చాలాసేపు చదివింది. నాయనమ్మ పలకరించలేదు, దగ్గు వచ్చినా అదిమిపెట్టుకుంది. పుస్తకం మూసి పిల్ల వచ్చి మళ్ళీ దుప్పట్లో దూరింది.

"ఊఁ, ఏమైంది? నిన్నటి గుండె సంగతి చెప్పు."

"గుండెకి నాలుగు గదులు నాయనమ్మా."

"మనకే రెండు గదులు. దానికి నాలుగెందుకే?"

"పైన రెండు, కింద రెండు. వాడేసిన రక్తం కుడివైపు పైగదిలోకి వస్తుంది. అక్కణ్ణుంచి కిందగదికి. అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి వెళ్ళి శుభ్రపడి, ఎడమవైపు పైగదిలోకి వస్తుంది. మళ్ళీ కిందికి. ఇక అక్కణ్ణుంచి ఒళ్ళంతా."

"ఆపు. కిందగదిలోకి వచ్చింది మళ్ళీ పైకి పోదా?"

"పోదు. మధ్యలో తలుపులున్నాయి. ఒకవైపే తెరుచుకుంటాయి." పిచ్చుక రెండు అరచేతులూ ఆనించి, కిందికి తెరిచి, టపీమని మూసి చూపించింది. "వెనక్కి తోస్తే మూసుకుపోతాయి."

"మన వంటింటి తలుపులా సరిగ్గా పడకపోతే?"

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "అప్పుడు సందులోంచి కొంచెం రక్తం వెనక్కి పోతుంది. డాక్టర్లు గొట్టం పెట్టి వింటారు కదా, అందులో బుస్సుమని వినబడుతుంది. గుండెకి పని ఎక్కువవుతుంది, మెల్లగా వాస్తుంది."

"ఆ! ఇప్పుడు తెలిసింది. ముందుకి పద."

ముసుగు లోపల రొట్టెలాయన కన్ను చెమర్చింది. తాను కోరిన వరం ఇదే, కానీ తన ముందుగదిలో, తన మేజోళ్ళు ఆరేసిన హీటరు పక్కనే ఎప్పట్నుంచో జరిగిపోతోంది. తను మాత్రం ఊరవతల పొయ్యి ముందు నిలబడి అడుగుతూ ఉండిపోయాడు.

ఇంతలో ఆయనకి ఇంకొకటి తట్టింది. ఓడరేవు, గుమాస్తా, హారం, నీళ్ళల్లో పడ్డ తమ్ముడు. ఈ కథ ఆయన ఎరిగినదే. ఎక్కడ చూశాడు? చూడలేదు, విన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ అమ్మ చెప్పేది. పెళ్ళైన కొత్తలో నాన్నతో వెళ్ళి ఆ సినిమా చూసిందట. అది చాలక మళ్ళీ వెళ్ళిందట. ఎవరు అన్నో ఎవరు తమ్ముడో, హారం ఏ గూట్లో ఉందో, చివర్లో తల్లి ఏమంటుందో, మాటకి మాట ఆవిడకి కంఠస్థం. అన్నీ తెలిసిన మనిషి, ఏమీ తెలీనట్టు, పిల్ల చేత పలికించడానికి 'ఆ కోటువాడెవడే' అంటోంది.

ఆయన గబుక్కున ముసుగు తీసి తల్లి వైపు చూశాడు. ఆవిడ చూసింది. కనుబొమ్మ ఒక్కటి కొద్దిగా పైకెత్తింది. నోరెత్తావో జాగ్రత్త, అన్నట్టు. ఆయన మళ్ళీ ముసుగు దించుకుని గురక మొదలెట్టాడు.

ఆ రోజు పనిలోకి నడుస్తూ దేవుణ్ణి అడిగాడు. అబద్ధం ఆడకూడదంటారు కదా స్వామీ, మరి మా అమ్మ రోజూ ఆడేదాన్ని ఏమంటావు? నీ దగ్గర దానికి వేరే పేరు ఏమైనా ఉందా? జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగకుండా పొయ్యి వెలిగించాడు.

ఆ సినిమా రెండో సగం మాత్రం నాయనమ్మ చూడనివ్వలేదు. "మిగతాది పరీక్ష అయి వచ్చాక. దొంగెవడో తెలీకుండా నాకు నిద్ర పట్టదు, కాబట్టి త్వరగా తేల్చుకునిరా," అంది.

పరీక్షరోజు రొట్టెలాయన పనినుంచి ఇంటికి పోకుండా తిన్నగా కాలేజీకే వెళ్ళాడు. చెప్పులకీ, చెవుల పక్కనా పిండి. పరీక్షగది బయట గోడవారగా వేసిన బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. పిచ్చుక తల వంచుకునే లోపలికి వెళ్ళింది. తలుపు పైసగం గాజు. తప్పనిపించినా ఆయన లేచి అందులోంచి చూశాడు.

పిల్ల వీపు కనిపిస్తోంది. నిటారుగా, కదలకుండా. బల్ల వెనక డాక్టరమ్మ, తెల్లజుట్టు, ముక్కు చివర కళ్ళజోడు. ఆవిడ ఏదో అడిగింది. వీపు కదల్లేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. రొట్టెలాయన గుండెలో తలుపులన్నీ ఒక్కసారే కొట్టుకున్నాయి. దేవుడా, అనబోయి, అనలేక అలాగే నిలబడ్డాడు.

అప్పుడు పిల్ల చేతులు లేచాయి. రెండు అరచేతులూ ఆనాయి. కిందికి తెరుచుకున్నాయి. టపీమని మూసుకున్నాయి. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. ఆ తర్వాత వీపు ఇటూ అటూ ఊగడం, చేతులు గాల్లో గదులు కట్టడం, ఆవిడ తల పంకించడం. ఆయన వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

బయటికి వచ్చిన పిల్ల మొహం ఎర్రగా ఉంది.

"నాన్నా, ఘోరం చేశాను."

"ఏం చేశావమ్మా?"

"మొదట్లో ఏమీ రాలేదు. ఆవిడేమో, వెనక్కి ఎందుకు పోదు, సరిగ్గా చెప్పు అంది. అచ్చం నాయనమ్మ అన్నట్టే అంది. ఇక నోరు జారిపోయింది. తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది నాయనమ్మా, అనేశాను."

"ఆవిణ్ణే?"

"ఆవిణ్ణే! ఆవిడ, నేను మీ నాయనమ్మని కాదు అంది. చచ్చాననుకున్నాను. తర్వాత, కానీ చెప్పు, తలుపు సరిగ్గా పడకపోతే ఏమవుతుంది, అంది. ఇక నా నోరు ఆగలేదు నాన్నా. మన వంటింటి తలుపు గురించి కూడా చెప్పేశాను."

"మరి చివరికి ఏమందే?"

"వచ్చేవారం నుంచి వార్డుకి రా, అంది. రోగులకి కూడా ఇలాగే చెప్పు, అంది."

రొట్టెలాయన ఆమె తల మీద చెయ్యి వేశాడు. తీశాక చూస్తే జుట్టు మీద తెల్లగా ఐదువేళ్ళ పిండి. దులపాలనిపించలేదు. ఇంటిదాకా పిల్ల అలాగే వచ్చింది, దారిపొడుగునా మాట్లాడుతూ, బస్సులో పక్కన కూర్చున్న తెలీని ఆవిడకి కూడా గుండెకి నాలుగు గదులని చెబుతూ.

ఇంటికొచ్చేసరికి భార్య సగంపూట సెలవు పెట్టి వచ్చి ఉంది. విషయం వినగానే చెంగుతో మొహం తుడుచుకుని, "డాక్టరమ్మనే నాయనమ్మని చేసిందంటే, ఇక వార్డులో ఉన్నవాళ్ళందరూ మనకి చుట్టాలే," అంది. తల్లి మాత్రం దేవుడి పటం వైపు ఒకసారి చూసి, దుప్పటి ఒక కొస ఎత్తి, "రా, చలి. దొంగెవడో తేలాలి," అంది.

నలుగురూ సర్దుకుని కూర్చున్నారు. రెండో సగం మొదలైంది. గుమాస్తా పరిగెత్తాడు, కోటువాడు వెంటపడ్డాడు, ఓడ కూత పెట్టింది. సినిమా ఎక్కడా ఆగలేదు. నాయనమ్మ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇక అడగాల్సిన పని తీరిపోయిందనో, సంతోషంలో మర్చిపోయిందో, హాయిగా వెనక్కి వాలి చూస్తోంది. తెర మీద గుమాస్తా నోరు తెరవకముందే ఫక్కున నవ్వింది. ఆ తర్వాతే వాడు నవ్వొచ్చే మాట అన్నాడు.

పిచ్చుక తల తిప్పి నాయనమ్మ మొహంలోకి చూసింది. ఇంకా చూస్తోంది.

రొట్టెలాయనకి అది కనిపించింది. గబుక్కున ముందుకు వంగి గట్టిగా అన్నాడు. "ఆపు, ఆపు. ఆ కోటువాడెవడు? ఇందాక నీళ్ళల్లో పడ్డాడుగా?"

"నోరు మూసుకుని చూడరా," అంది తల్లి తెర మీంచి చూపు తిప్పకుండా. "చూస్తూ ఉంటే నీకే అర్థమవుతుంది."

పిచ్చుక మాత్రం రిమోట్ తీసి సినిమా ఆపింది. దుప్పటి తోసేసి లేచి నిలబడింది.

"నేను చెబుతాను నాన్నా," అంది.